ల్యాప్‌టాప్ కొనే ముందు ఈ రెండంకెలూ చూడండి

మెమరీ వేరు, స్టోరేజి వేరు - తేడా అడక్కపోతే నష్టం కొన్నవారిదే

విజయవాడ: ఇంజనీరింగు, డిగ్రీ కాలేజీల్లో చేరికలు మొదలయ్యే రోజుల్లో బెజవాడ నెహ్రూ బస్టాండులో దిగే డెల్టా బస్సులను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. అవనిగడ్డ, నాగాయలంక, బంటుమిల్లి, గుడివాడ, పామర్రు వైపు నుంచి వచ్చేవారిలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులే ఎక్కువ. కొందరు ఫీజు కట్టడానికి, కొందరు హాస్టలు చూసుకోవడానికి వస్తారు. ఆ పని కాగానే చాలామంది దారితీసేది బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, గవర్నరుపేట వైపు కంప్యూటరు దుకాణాలకే. ఒకప్పుడు పై చదువుకు వెళ్లే పిల్లవాడికి ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, ఉన్నవాళ్లయితే ఓ సైకిలు కొనిచ్చేవారు. ఇప్పుడు ఆ స్థానం ల్యాప్‌టాప్‌ది.

దాని ఖరీదు ఎంతటిదో ధాన్యం లెక్కలో చూస్తే గాని మనసుకు పట్టదు. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. అంటే 75 కిలోల బస్తా సుమారు రూ.1,777. రూ.50 వేల ల్యాప్‌టాప్ కొన్నామంటే 28 బస్తాలు ధారపోసినట్టు. ఎకరం సార్వా పంటలో పెద్ద వాటా అది. ఎరువులు, కోత ఖర్చు, కౌలు ఇవేవీ తీయకుండా వేసిన లెక్క ఇది. అంత సొమ్ము పోసి కొనే వస్తువు మీద దుకాణంలో జరిగే మాటలు మాత్రం అయిదు నిమిషాలు దాటవు. "బాబాయిగారూ, ఇది ఒక టీబీ అండీ. అమ్మాయికి నాలుగేళ్లూ చాలుతుంది" అంటాడు కౌంటరు దగ్గరి కుర్రవాడు. తండ్రి కూతురి వంక చూస్తాడు. కూతురు తెర వంక చూస్తుంది. రంగు నచ్చిందా, బేరం కుదిరినట్టే.

'ఒక టీబీ' అన్నమాట అబద్ధమేమీ కాదు. కాని చూడవలసిన అంకెలు రెండుంటే అది ఒకదాని సంగతే చెబుతుంది. ఏ ల్యాప్‌టాప్ పెట్టె మీదనైనా '8 జీబీ, 512 జీబీ' అనో '16 జీబీ, 512 జీబీ' అనో రెండంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి చిన్న అంకె మెమరీ. దీన్నే ర్యామ్ అంటారు. రెండో పెద్ద అంకె స్టోరేజి. పెద్ద అంకె చూసి మురిసిపోయి చిన్న అంకెను మరచిపోవడమే ఈ బేరంలో జరిగే పెద్ద పొరపాటు.

బ్యారేజీకీ పులిచింతలకూ ఉన్న తేడా

డెల్టా రైతుకు ఈ తేడా చెప్పడానికి కంప్యూటరు పాఠం అక్కర్లేదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచే నీరు 3 టీఎంసీల పైచిలుకే. ఎగువన పులిచింతల నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. అయినా బందరు కాలువకు గాని, ఏలూరు కాలువకు గాని నీరు వదలాలంటే బ్యారేజీ దగ్గర మట్టం ఉండాలి. పులిచింతలలో ఎంత ఉన్నా అది కిందికి దిగి బ్యారేజీ దగ్గరికి చేరితేనే మన చేలో పారేది. ల్యాప్‌టాప్‌లో స్టోరేజి పులిచింతల వంటిది. ఫొటోలు, పాఠాలు, సినిమాలు, మీరు ఎక్కించిన ప్రోగ్రాములన్నీ అక్కడ నిల్వ ఉంటాయి. మెమరీ బ్యారేజీ వంటిది. ఇప్పుడు తెర మీద జరుగుతున్న పనికి కావలసిన సరుకంతా అక్కడికి వచ్చి నిలవాలి. ప్రాసెసరు అనే మెదడు తోడుకునేది అక్కడి నుంచే.

పోలిక ఒక్కచోట తప్పుతుంది. కరెంటు తీసేస్తే మెమరీలో ఉన్నదంతా ఖాళీ అయిపోతుంది. స్టోరేజిలో ఉన్నది అలాగే ఉంటుంది. దాచుకోకుండా, అంటే 'సేవ్' నొక్కకుండా, యంత్రం ఆపేస్తే చేసిన పని పోయేది అందుకే.

మెమరీ చాలకపోతే ఏమవుతుంది? యంత్రం వెంటనే ఆగిపోదు. అలా ఆగిపోయినా బాగుండేది, దుకాణంలోనే తెలిసిపోయేది. అది చేసే పని ఏమిటంటే, మెమరీలో పట్టని సరుకును స్టోరేజిలో ఓ మూలకు నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. నెట్టడం, తేవడం, మళ్లీ నెట్టడం. ఎంత వేగంగల స్టోరేజి అయినా మెమరీ వేగానికి చాలా దూరం. అందుకని ఒక కిటికీ నుంచి మరో కిటికీకి మారితే తెర బిగుసుకుంటుంది. ఆన్‌లైను పరీక్ష రాస్తూ ఉండగా గుండ్రం తిరుగుతూ ఉంటుంది. కొన్న వారంలో ఇది కనపడదు. రెండో ఏడు, ప్రోగ్రాములన్నీ ఎక్కించాక కనపడుతుంది. అప్పటికి దుకాణంవాడికి చెప్పినా ప్రయోజనం లేదు.

ఫోన్లలో '8 జీబీకి మరో 8 జీబీ కలిపాం' అని ప్రచారం చేసే వర్చువల్ ర్యామ్ కూడా ఇదే. అది నిజమైన మెమరీ కాదు, స్టోరేజిలో అరువు తెచ్చుకున్న జాగా. ల్యాప్‌టాప్ బేరంలో ఎవరైనా ఆ మాట ఎత్తితే లెక్కలోకి తీసుకోవద్దు.

500 కంటే 256 మేలు!

స్టోరేజిలో అంకె ఒక్కటే చూస్తే చాలదు, జాతి చూడాలి. పాత రకం హార్డ్‌డిస్కులో లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. గ్రామఫోను ముల్లులాంటి ఒక చేయి దాని మీద వెదుక్కుంటుంది. సెకనుకు 100, 150 ఎంబీలు అందించడమే దానికి ఎక్కువ. చిన్న చిన్న ఫైళ్లు వందలకొద్దీ కావలసి వస్తే ఆ మాత్రమూ ఇవ్వలేదు. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు, అన్నీ చిప్పులు. మామూలు సాటా రకం ఎస్ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీల పైన ఇస్తుంది. ఎన్‌వీఎంఈ రకం 3,000 ఎంబీలు దాటుతుంది. యంత్రం తెరుచుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టే చోట పది, ఇరవై సెకన్లు పడుతుంది. పైగా హార్డ్‌డిస్కు పని చేస్తూ ఉండగా కిందపడితే గీత పడి చెడిపోయే అవకాశం ఎక్కువ. మన రోడ్ల మీద బస్సులో, మోటారు సైకిలు మీద తిరిగే పిల్లల సంచిలో ఉండే వస్తువుకు ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రం, 500 జీబీ హార్డ్‌డిస్కు ఒక్కటే ఉన్న యంత్రం కంటే అన్ని విధాలా మేలు. అంకె చిన్నదైనా సరే.

మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2021లో అమ్మ ఒడి నగదుకు బదులు తొమ్మిదో తరగతి నుంచి ఇంటరు దాకా విద్యార్థులు కోరుకుంటే ల్యాప్‌టాప్ ఇస్తామని ప్రభుత్వం ప్రతిపాదించింది. అందులో నిర్దేశించిన ప్రమాణాలు 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, 14 అంగుళాల తెర, విండోస్ 10. ఆ పంపిణీ అనుకున్నట్టు సాగలేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. రాజకీయం పక్కనబెట్టి ఆ అంకెలు మాత్రం చూడండి. ప్రతిపాదన నడుస్తుండగానే 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలయింది. దానికి కావలసిన కనీస మెమరీయే 4 జీబీ. అంటే గుమ్మంలో అడుగుపెట్టడానికి సరిపోయేంత. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు ఇచ్చే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021లో లక్షణంగా కనిపించిన కొలత నాలుగేళ్లు తిరిగేసరికి ఏమయిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు మీరు కొనే యంత్రం కూడా నాలుగేళ్లు నడవాలి గదా!

మరో రకం స్టోరేజి ఉంది, ఈఎంఎంసీ అని. చవకరకం చిన్న ల్యాప్‌టాపుల్లో 64 జీబీ, 128 జీబీ అని కనిపిస్తుంది. ఇది ఫోన్లలో వాడిన రకం. ఎస్ఎస్‌డీ కంటే నెమ్మది, సాధారణంగా మార్చడానికీ వీలుండదు. విండోస్ సవరణలకే చోటు చాలక సతాయిస్తుంది. పండుగ అమ్మకాల్లో 'ఇంత తక్కువకా!' అనిపించే యంత్రాల్లో ఇది ఉంటుందేమో చూసుకోవాలి.

ఎవరికి ఎంత?

ఈ ప్రశ్నకు దుకాణంవాడి జవాబు ఎప్పుడూ 'ఇంకాస్త ఎక్కువ తీసుకోండి' అనే. కాలేజీ సీనియర్ల జవాబు ఇంకా ఎక్కువ. నిజానికి పనినిబట్టి ఉంటుంది.

బీకాం చదివే అమ్మాయికి ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైను పాఠాలు. కైకలూరు వైపు చెరువులు చేసే రైతుకు మేత లెక్కలు, సరుకు బిల్లులు, వాట్సాప్. వీటికి 8 జీబీ మెమరీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతాయి. అయితే 8 జీబీ అంటే 8 జీబీ మన చేతికి రాదు. ఏ పనీ మొదలుపెట్టకుండానే విండోస్ 11 మూడు నాలుగు జీబీలు వాడుకోవడం మామూలు. తెర మీద బొమ్మలు చూపించే భాగానికి విడిగా మెమరీ లేని యంత్రాలే బజారులో ఎక్కువ. ఆ భాగం కూడా ఇందులోంచే కొంత తీసుకుంటుంది. కాలువకు వదిలింది చివరి భూములకు చేరేసరికి ఎంత మిగులుతుందో నాగాయలంక, కోడూరు రైతులకు చెప్పాలా! 4 జీబీ యంత్రం మాత్రం ఎంత చవగ్గా వచ్చినా కొత్తగా కొనవద్దు.

బీటెక్‌లో కంప్యూటర్స్ బ్రాంచి తీసుకున్నవారి సంగతి వేరు. ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వంటి ప్రోగ్రాములు మెమరీని గుటకలు వేసి తాగేస్తాయి. ఇటువంటి చదువుకు 16 జీబీ, 512 జీబీ అనే జత సరైనది. సివిల్, మెకానికల్ పిల్లలు వాడే ఆటోక్యాడ్ 2025 కూర్పుకు దాని తయారీదారు చెప్పిన కనీస మెమరీ 8 జీబీ. సిఫార్సు చేసింది 32. ఆ సిఫార్సు పెద్ద పెద్ద నమూనాలు గీసే ఆఫీసుల కోసం అనుకోవాలి. మొదటి రెండేళ్ల పాఠాలకు 16 ధారాళంగా చాలుతుంది. తర్వాత పెంచుకునే వీలుంటే చాలు. వీలుండడం ముఖ్యం, దాని గురించి కింద చెబుతాం.

16 అన్నది మా సొంత లెక్క కాదు. మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్ 2024లో కోపైలట్ ప్లస్ పేరిట కొత్త తరం ల్యాప్‌టాపులకు పెట్టిన కనీస హద్దు 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజి. అదే ఏడాది అక్టోబరులో యాపిల్ కంపెనీ తన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 8గా ఉన్నదాన్ని 16 చేసింది.

స్టోరేజి ఎక్కువ కావలసింది ఎవరికంటే వీడియోలు తీసేవారికి. మామూలు హెచ్‌డీ వీడియో నిమిషానికి 100 ఎంబీలకు పైబడే ఉంటుంది. గంట పెళ్లి తతంగం 6 నుంచి 8 జీబీలు. 4కే అయితే మూడింతలు అనుకోవచ్చు. ఊళ్లో ఫొటో స్టూడియో నడిపేవారు 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నా నాలుగు సీజన్లకు నిండిపోతుంది, బయటి డిస్కులు ఎలాగూ కొనక తప్పదు. మామూలు విద్యార్థి నాలుగేళ్ల నోట్సు, పీడీఎఫ్‌లు, ప్రాజెక్టులు అన్నీ కలిపినా 100 జీబీలు దాటడం కష్టం. దాటితే అవి సినిమాలే అయివుంటాయి. 1983లో వచ్చిన ఐబీఎం ఎక్స్‌టీ కంప్యూటరులో ఉన్న హార్డ్‌డిస్కు మొత్తం 10 ఎంబీ. ఇవాళ్టి ఫోనుతో తీసిన ఫొటోలు మూడు పెడితే నిండిపోయేది. ఆ పెట్టెతోనే అప్పట్లో ఆఫీసులు నడిచాయి.

ఒకే ధరలో రెండు యంత్రాలు ఉన్నాయనుకోండి. ఒకటి 8 జీబీ మెమరీ, 1 టీబీ ఎస్ఎస్‌డీ. రెండోది 16 జీబీ మెమరీ, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కళ్లు మూసుకుని రెండోది తీసుకోవచ్చు. చోటు చాలకపోతే బయట నుంచి డిస్కు తగిలించుకోవచ్చు. మెమరీని బయట నుంచి తగిలించే దారి లేదు.

టంకం వేశారా, గాడి ఉందా?

అన్నిటికన్నా ముఖ్యంగా అడగవలసిన ప్రశ్న ఇదే. చాలా తక్కువమంది అడిగేదీ ఇదే. కొన్ని ల్యాప్‌టాపుల్లో మెమరీ కర్రలాగా ఒక గాడిలో దూర్చి ఉంటుంది. దాన్ని ఊడదీసి పెద్దది పెట్టుకోవచ్చు, రెండో గాడి ఖాళీగా ఉంటే మరొకటి చేర్చుకోవచ్చు. పలుచని, బరువు తక్కువ మోడళ్లలో మాత్రం మెమరీ చిప్పులను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించేస్తున్నారు. దాన్ని ఇక పెంచడం కుదరదు. కొన్న రోజు ఎంతో, పారేసే రోజూ అంతే. కొన్నిట్లో సగం అతికించి, సగానికి గాడి వదులుతారు. ఇది మధ్యేమార్గం, ఫరవాలేదు.

"ముందు 8 తీసుకోండి, తర్వాత వేయించుకుందురు గాని" అని ఎవరైనా అంటే, ఎక్కడ వేయిస్తారో చూపించమనాలి. ఖాళీ గాడి ఉందా, గరిష్ఠంగా ఎంతవరకు పడుతుంది, అది డీడీఆర్ 4 రకమా, డీడీఆర్ 5 రకమా అన్న మూడూ తెలుసుకుని బిల్లు వెనకాల రాయించుకోవాలి. డీడీఆర్ 4 కర్ర డీడీఆర్ 5 గాడిలో పట్టదు, నొక్కు ఉండే చోటే వేరు. తర్వాత వేయించేటప్పుడు విడి దుకాణంలో పెట్టె విప్పితే వారంటీ ఏమవుతుందో కూడా కంపెనీ సర్వీసు సెంటరును ముందే అడగడం మంచిది.

ఇంకొక చిన్న కిటుకు. 16 జీబీ ఒకే కర్రగా ఉండడం కంటే 8, 8 రెండు కర్రలుగా ఉంటే యంత్రం కొంచెం చురుగ్గా ఉంటుంది. ఒకే తూము కన్నా రెండు తూములు తెరిచినట్టు. బొమ్మలు, ఆటలు, గీతల పనుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

కొనబోతే కొరివి

'తర్వాత వేయించుకుందురు గాని' అన్న సలహా ఇదివరలో అంత చెడ్డది కాదు. మెమరీ ధర ఏటికేడు తగ్గుతుందన్న నమ్మకం ఉండేది. 2025 ద్వితీయార్థంలో ఆ నమ్మకం దెబ్బతిన్నది. కృత్రిమ మేధ కోసం అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ పెద్ద పెద్ద డేటా కేంద్రాలు కడుతున్నారు. వాటికి టన్నులకొద్దీ మెమరీ కావాలి. ప్రపంచంలో ఈ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు ముఖ్యంగా మూడే. కొరియావి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాది మైక్రాన్. ఎక్కువ ధర పెట్టే డేటా కేంద్రాల వైపు అవి సరుకు మళ్లించడంతో మామూలు కంప్యూటర్ల మెమరీకి కరువొచ్చింది. 2025 చివరి నెలల్లో ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఎస్ఎస్‌డీలూ ఆ వెంటే పెరిగాయి. విడి మెమరీ కర్రలు కొనేవారికి ఏళ్లుగా తెలిసిన 'క్రూషియల్' పేరుతో మామూలు వాడకందార్లకు చేస్తున్న వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇదే మైక్రాన్‌కు 2019 నుంచి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. గుజరాత్‌లోని సాణంద్ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన చేశారు. అయినా ధర విషయంలో మనకు ఒరిగిందేమీ లేదు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది రైతుకు కొత్త కాదు. ధాన్యం బస్తా ధర అక్కడే ఉంటే మెమరీ కర్ర ధర ఆకాశాన్నంటింది. కనుక చదువుకు 16 కావాలని తేలినవారు, మెమరీ టంకం వేసిన మోడలు అయితే మొదటిరోజే 16 ఉన్నది తీసుకోవాలి. గాడి ఖాళీగా ఉన్న మోడలు అయితే ఆ రోజు విడి కర్ర ధర ఎంతో, 16 ఉన్న మోడలుకు అదనంగా అడుగుతున్నది ఎంతో రెండూ కనుక్కుని తక్కువ దానికి మొగ్గాలి. 32 జీబీ జోలికి ఇప్పట్లో పోనక్కర్లేదు. ఆ డబ్బు రెండో సెమిస్టరు హాస్టలు ఖర్చుకు పనికొస్తుంది.

512 కొంటే 476 చూపిస్తోందేం?

కొత్త యంత్రం ఇంటికి తెచ్చి తెరిచినవారిలో సగంమందికి వచ్చే అనుమానం ఇది. మోసపోయామని లబోదిబోమనేవారూ ఉన్నారు. ఇందులో మోసం లేదు, కొలత తేడా. డిస్కు చేసేవాడు వెయ్యి లెక్కన గుణిస్తాడు. విండోస్ 1,024 లెక్కన భాగిస్తుంది. నూరు బస్తాల ధాన్యాన్ని క్వింటాళ్లలో రాస్తే 75 అవుతుంది. గింజ ఒక్కటీ తగ్గలేదు. అలాగే 512 జీబీ 476గా, 256 జీబీ 238గా, 1 టీబీ 931 జీబీగా కనిపిస్తాయి. అందులో విండోస్‌కూ, దాని మరమ్మతు భాగానికీ కొంత పోతుంది. మిగిలిందాంట్లోనూ అయిదో వంతు ఖాళీగా ఉంచుకుంటే ఎస్ఎస్‌డీ చురుగ్గా పనిచేస్తుంది.

అసలు మోసం వేరే చోట ఉంది. 2 టీబీ పెన్‌డ్రైవు మూడు నాలుగు వందల రూపాయలకే అంటూ ఫోన్లలో ప్రకటనలు వస్తుంటాయి. కంప్యూటరుకు తగిలిస్తే 2 టీబీ అనే చూపిస్తుంది. లోపల ఉన్నది 32 జీబీయో 64 జీబీయో. అది నిండాక పైన ఎక్కించినదంతా గంగపాలు. పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి ఫొటోలు అలాంటి వాటిలో పెట్టవద్దు.

కౌంటరు దగ్గరే చూడవచ్చు

పెట్టె సీలు మీ కళ్లముందే విప్పించాలి. యంత్రం తెరుచుకున్నాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట మెమరీ మీద నొక్కితే ఎన్ని జీబీలున్నదీ, వేగమెంతో, ఎన్ని గాడుల్లో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ఫాం ఫ్యాక్టర్ అన్నచోట 'సోడిమ్' అని ఉంటే గాడిలో దూర్చే కర్ర. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే టంకం వేసినట్టు అనుకోవాలి. పక్కనే డిస్క్ మీద నొక్కితే అది ఎస్ఎస్‌డీయా, హెచ్‌డీడీయా అన్నది రాసి ఉంటుంది. రెండు నిమిషాల పని. పదో తరగతి చదివిన ఏ పిల్లవాడైనా చేయగలడు. చూడనివ్వని దుకాణం ఉంటే పక్క దుకాణానికి నడవడమే.

పాతవాటిని బాగుచేసి అమ్మే చోట ఈ తనిఖీ మరింత అవసరం. 'రీఫర్బిష్డ్' యంత్రంలో కంపెనీ మెమరీ తీసి ఊరూపేరూ లేనిది పెట్టి ఉండవచ్చు. బిల్లులో మోడలు సంఖ్య, సీరియల్ నంబరు, మెమరీ ఎంత, స్టోరేజి ఏ రకం, ఎంత అన్నవన్నీ రాయించాలి. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. 'బిల్లు లేకుండా తీసుకోండి, ఓ రెండు వేలు తగ్గిస్తాం' అన్న మాటకు లొంగితే రేపు తేడా వచ్చినప్పుడు చేతిలో కాగితం ఉండదు. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు.

ఇంట్లో పాతది ఉంటే

అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ అటక మీద ఉందా? కొత్తది కొనే ముందు దాన్ని ఒకసారి దింపి చూడండి. అందులో ఉన్నది తిరిగే హార్డ్‌డిస్కు అయితే, దాని స్థానంలో సాటా రకం ఎస్ఎస్‌డీ పెట్టిస్తే చాలాసార్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మెమరీ గాడి ఖాళీగా ఉంటే మరో 4 జీబీ, 8 జీబీ చేర్చుకోవచ్చు. కొత్తదాని ఖర్చులో చిన్న భాగంతో అయిపోయే పని. ఒక అడ్డంకి ఉంది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లున్న పాత యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలాంటివాటికి ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. దాన్ని తెలుగులో అందించడానికి 'స్వేచ్ఛ' అనే సంస్థ 2005 నుంచి పనిచేసింది. ఇంటరు పిల్లలకు, ఇంటి లెక్కలకు అది బాగానే నడుస్తుంది. కాలేజీలో విండోస్ ప్రోగ్రాములే వాడాలంటే మాత్రం కుదరదు.

బుడమేరు వదలని ఊరు

2024 ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వదిలారు. కింద లంక గ్రామాలూ మునిగాయి. నీళ్లలో నానిన ల్యాప్‌టాప్‌కు హార్డ్‌డిస్కు ఉంటేనేం, ఎస్ఎస్‌డీ ఉంటేనేం. అందులో ఉన్నదానికి మరో నకలు లేకపోతే పోయినట్టే. ఎస్ఎస్‌డీలో చెరిపేసిన ఫైలును తిరిగి రాబట్టడం పాత హార్డ్‌డిస్కులో కంటే చాలా కష్టం కూడా.

అందుకని ల్యాప్‌టాప్ బడ్జెటులో ఒక బయటి హార్డ్‌డిస్కుకు చోటు పెట్టుకోవాలి. నిల్వకు మాత్రమే వాడేది కనుక నెమ్మదిగా ఉన్నా నష్టం లేదు, తిరిగే రకమే చవక. నెలకోసారి నకలు తీసి దాన్ని ల్యాప్‌టాప్ ఉన్న గదిలో కాకుండా మరోచోట పెట్టాలి. పిల్లవాడు హాస్టల్లో ఉంటే డిస్కు ఊళ్లో ఇంట్లో ఉండాలి. ఇల్లు కట్ట పక్కనో, లంకలోనో ఉంటే మెరకనున్న చుట్టాల ఇంట్లో ఉంచినా తప్పులేదు. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీలో ప్రాజెక్టు ఫైళ్లు, నోట్సు పడతాయి. పదో తరగతి మార్కుల జాబితా వంటివి డిజిలాకర్‌లో ఉంచుకునే సౌకర్యం 2015 నుంచి ఉంది, దానికి ఖర్చేమీ లేదు. ఫోను నంబరు మార్చినప్పుడు మాత్రం ఆధార్‌కు కొత్త నంబరు జతచేయించడం మరవకూడదు. లేకపోతే లోపలికి వెళ్లడానికి వచ్చే ఓటీపీ పాత నంబరుకే పోతుంది.